ఉన్నది రాయటం : ఒక సైన్సు విద్యార్థి నేర్చిన పాఠాలు

రచన అనగానే మనకు కథో, కవితో గుర్తుకు రావటం సహజం. అయితే జరిగిన సంగతినే, ఒక్క ముక్క కూడా కల్పించకుండా, కథలా చదివించే రచన ఇంకొకటుంది. ఇంగ్లీషువాళ్ళు క్రియేటివ్ నాన్‌ఫిక్షన్ అంటున్న దీన్ని మనం సృజనాత్మక వాస్తవ రచన అనుకుందాం. బి.ఎస్సీ. చదివేవాడికి దీంతో ఏం పని అని మిత్రులు అడుగుతుంటారు. పని ఉందనే నా మనవి.

మొదటి పాఠం చదవటం వల్ల వచ్చింది. మన భాషలోనే ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర' ఉంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారిలో చూసిన సంగతులు మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి రాస్తూ పోయారు. 1838లో అది పుస్తకంగా వచ్చింది. ఊరికీ ఊరికీ దూరమెంత, దారి ఎలాంటిది, బసకు చోటుందా లేదా, ఇలాంటివి వదలకుండా రాశారు. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ దారి మన కళ్ళకు కడుతుంది.

రెండో పాఠం జాన్ హెర్సీ అనే అమెరికన్ విలేఖరి దగ్గర దొరికింది. 1946 ఆగస్టు 31 నాటి న్యూయార్కర్ సంచికను ఆయన 'హిరోషిమా' రచనకే కేటాయించారు. అణుబాంబు గురించి ఫిజిక్సు పాఠంలో మనం శక్తి లెక్కలు కడతాం. హెర్సీ బతికి బయటపడ్డ ఆరుగురిని పట్టుకున్నాడు. 1945 ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలకు వాళ్ళలో ఎవరెవరు ఏం చేస్తున్నారో చెప్పి మొదలుపెట్టాడు. ఆయన గొంతు పెంచడు. కదిలిపోయేది చదివేవాడు.

ఇక వర్క్‌షాపు. ఈ ఏడు తెలుగు మాస్టారి ఆధ్వర్యాన ఎనిమిదిమందిమి శనివారం సాయంత్రాలు కూర్చున్నాం. ఒకరు రాసింది ఇంకొకరు పైకి చదవాలి. రాసినవాడు నోరు మెదపకూడదు. వినేవాళ్ళు ప్రతి వాక్యాన్నీ మూడు గుర్తుల్లో ఒకదాని కింద వేస్తారు: చూసింది, విన్నది, ఊహించింది. ఇది మా కెమిస్ట్రీ రికార్డులాంటిదే. సాల్ట్ ఎనాలిసిస్‌లో ప్రయోగం, పరిశీలన, అనుమితి అని మూడు గడులుంటాయి గదా! వాస్తవ రచనలో పరిశీలన గడి మనం నింపాలి. అనుమితి గడి పాఠకుడికి వదిలెయ్యాలి.

ఉదాహరణకు మా చేలో బోరు వేసిన రోజు గురించి నేను రాసిన వాక్యాలివి: "600 అడుగులు దిగినా తెల్లటి రాతిపొడే లేచింది. నాయన ఆ పొడి గుప్పిట్లోకి తీసుకుని పిసికి చూశాడు. చెమ్మ తగల్లేదు. బండివాళ్ళను అన్నం తిని పొమ్మన్నాడు." ఆయన కన్నీళ్ళు పెట్టుకున్నట్టు రాస్తే ఇంకా రక్తి కడుతుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. నాయన ఏడవటం నేను చూడలేదు. చూడనిది చేర్చితే అది కథవుతుంది, మా నాయన కాడు.

అన్నిటికంటే కష్టమైన పాఠం ఇంట్లో నేర్చుకున్నాను. ఆ బోరు అప్పు చేసి వేసింది. అప్పు మొత్తం, ఇచ్చినాయన పేరు రెండూ నా రాతలో ఉన్నాయి. అచ్చుకు ఇచ్చే ముందు నాయనకు చదివి వినిపించాను. అంతా విని ఆయన అన్న మాట ఇది: "అప్పు సంగతి ఉండనీ రా, అది నిజమే గదా. ఆయప్ప పేరు మాత్రం తీసెయ్. రేపు మళ్ళా ఆ వాకిట్లోకి పోవాల్సినోణ్ణి నేను."

పేరు తీసేశాను. దాని బదులు మారుపేరు పెట్టలేదు. ఒకవేళ పెడితే ఆ సంగతి పాఠకుడికి చెప్పి తీరాలి. నిజం చెప్పటమంటే ఎదుటివాడి బతుకును బజార్న పెట్టటం కాదని, అలాగని నిజాన్ని మార్చే హక్కూ మనకు లేదని అప్పుడే తెలిసింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! జేబులో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, ధర, కొలత, అన్న మాట అన్నట్టు ఆ పూటే రాసుకోండి. రాసింది ఇంకొకరి చేత చదివించుకుని వినండి. ఎవరి గురించి రాశారో వాళ్ళకు ముందు వినిపించండి. మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్ళం. మన ఇళ్ళ సంగతులు ఎవరో వచ్చి రాసేదాకా ఎందుకు ఆగాలి?