గొంతు దాటి పాడినవాడు: ఫోర్ టాప్స్ లెవీ స్టబ్స్

సోల్ సంగీతం అంటే మనలో చాలామందికి సోలో సింగర్లే గుర్తొస్తారు. నాకు మాత్రం నలుగురైదుగురు కలిసి పాడే వోకల్ గ్రూపులంటేనే ఇష్టం. వాటిలో ఫోర్ టాప్స్‌ది వింత రికార్డు. లెవీ స్టబ్స్, డ్యూక్ ఫకీర్, ఓబీ బెన్సన్, లారెన్స్ పేటన్: 1950ల మొదట్లో డెట్రాయిట్‌లో కలిసిన ఈ నలుగురూ 1997లో పేటన్ చనిపోయేదాకా ఒక్కరు కూడా మారలేదు. మన బ్యాచ్‌లో ప్రాజెక్ట్ టీమ్ ఒక్క సెమిస్టర్ నిలబడటమే గొప్ప!

హిట్ వెంటనే రాలేదు. 1956లో చెస్ కంపెనీకి ఒక రికార్డు ఇచ్చారు, అది ఆడలేదు. దాదాపు పదేళ్ళు క్లబ్బుల్లో జాజ్ పాటలు పాడుకుంటూ గడిపి 1963లో మోటౌన్‌లో చేరారు.

అసలు పాఠం ఇక్కడుంది. అప్పటి గ్రూపుల్లో ముందుండి పాడేది ఎక్కువగా టెనార్, అంటే పై స్థాయిలో తేలిగ్గా తిరిగే గొంతు. లెవీది బారిటోన్, కాస్త కింది గొంతు. మన కచేరీల్లో గాయకుడు తన గొంతుకి సరిపడే శ్రుతి పెట్టుకుంటాడు కదా, మోటౌన్‌లో వీళ్ళకి పాటలు కట్టిన హాలండ్-డోజియర్-హాలండ్ త్రయం దానికి తలకిందులుగా చేసింది. లెవీకి హాయిగా అందే చోటు కంటే పైన పాటని పెట్టారు. ఆ స్వరం అందుకోవాలంటే అతను గొంతు చించుకోవాల్సిందే. ఈసీఈ వాళ్ళకైతే ఒక్క మాట చాలు: యాంప్లిఫయర్‌ని క్లిప్పింగ్ అంచుదాకా తోస్తే వచ్చే గరుకుదనం లాంటిది. బతిమాలుకునే మనిషి గొంతు అలాగే ఉంటుంది. 1966లో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ నంబర్ వన్ అయిన ‘రీచ్ ఔట్ ఐల్ బి దేర్’లో చరణాలు సగం పాట, సగం కేక. వెనక మిగతా ముగ్గురూ, వాళ్ళకి తోడు ఆండాంటెస్ అనే అమ్మాయిల బృందమూ నున్నగా పాడుతుంటారు. ఆ నునుపు లేకపోతే లెవీ గరుకుదనం ఇంతగా తెలిసేది కాదని నా అభిప్రాయం. (ఆండాంటెస్ పేరు ఆ రికార్డుల మీద వేయనేలేదు. అన్యాయమే.)

అప్పట్లో మోటౌన్‌లో లీడ్ సింగర్ పేరు ముందుకి తేవడం మొదలైంది. 1967లో సుప్రీమ్స్ కాస్తా ‘డయానా రాస్ అండ్ ద సుప్రీమ్స్’ అయింది. లెవీకీ సోలోగా రమ్మని పిలుపులొచ్చాయి. వెళ్ళలేదు. 1972లో మోటౌన్ లాస్ ఏంజెలెస్‌కి మకాం మార్చినప్పుడు కంపెనీనే వదిలారు గానీ నలుగురూ విడిపోలేదు. తర్వాత కూడా 1973లో, 1981లో హిట్లు కొట్టారు. లెవీ గ్రూపు బయట చేసిన పెద్ద పని 1986 సినిమా ‘లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్’లో మనుషుల్ని తినే మొక్కకి గొంతు ఇవ్వడం! ఆరోగ్యం పాడై 2000లో స్టేజీ మానేశాడు, 2008లో పోయాడు.

వినాలనుకుంటే 1967 నాటి ‘బెర్నడెట్’తో మొదలెట్టండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. చివర్లో పాట ఠక్కున ఆగుతుంది. అయిపోయిందనుకుంటాం. అప్పుడు ఆ నిశ్శబ్దంలోంచి లెవీ ఒక్కడే ఆమెని పేరు పెట్టి పిలుస్తాడు.