ఎండలో నిలిచే ముస్తాబు: కడప పక్క పెండ్లిండ్లకు కొన్ని చిట్కాలు

ఏప్రిల్, మే నెలల్లో పెండ్లంటే మా పక్క 40 డిగ్రీలు దాటిన ఎండ. నగలకూ చీరలకూ ప్రొద్దుటూరు అంగళ్లు నెలల ముందే తిరిగేస్తారు. ముఖానికి ఏం వేసుకోవాలన్నది మాత్రం ముందురోజు సాయంత్రానికి గానీ గుర్తుకు రాదు. ఇంట్లో అక్కాచెల్లెళ్లు ఒకరికొకరు చేసుకునే ముస్తాబు కోసం ఇవి రాస్తున్నాను. మన ఒంటి రంగు చాలా అందమైనది. దాన్ని కప్పేయకుండా కన్నూ ముక్కూ తీరు మాత్రం కనబడేలా చేసుకుందాం.

1. ఫౌండేషన్ షేడును మణికట్టు మీద చూడొద్దు. దవడ అంచున రెండు మూడు షేడ్లు గీతలుగా రాసి, అంగడి లైట్ల కింద కాకుండా గుమ్మం బయటికొచ్చి ఎండ వెలుతురులో అద్దం చూసుకోండి. చర్మంలో కలిసిపోయిన గీతే మీ షేడు. పది నిమిషాలు ఆగండి, కొన్ని గాలి తగిలాక ముదురుతాయి. తెల్లగా కనబడాలని ఒక షేడు లేతది కొంటే చామనచాయ ముఖం ఫోటోలో బూడిద రంగుకు తిరుగుతుంది, మెడ వేరేగా తెలిసిపోతుంది. మెడ నిండా బంగారం వేసుకునేవాళ్లకు దాని పసుపు మెరుపు గడ్డం కిందికి కొడుతుంది. అందుకని హారం వేసుకునే షేడు సరిచూసుకోండి.

2. నలుగు పెట్టాక ముఖం ఒకటి రెండు రోజులు పసుపు పచ్చగానే ఉంటుంది. పెండ్లినాటి పొద్దున నలుగు ఉంటే స్నానమయ్యాక దూదితో కొబ్బరినూనె అద్ది ముఖం తుడిచి, మళ్లీ కడగండి. పసుపు నీళ్లకంటే నూనెకు బాగా వదులుతుంది.

3. మొదట చల్లని నీళ్లు. తర్వాత గుడ్డలో చుట్టిన ఐసుముక్కతో ఒక్క నిమిషం అద్దడం. ఆపైన జెల్ లాంటి తేలిక మాయిశ్చరైజర్, పగటి పెండ్లయితే సన్‌స్క్రీన్. ఒక్కొక్కటి ఆరనిచ్చాకే ఫౌండేషన్. తడిపి గట్టిగా పిండిన స్పాంజితో అద్దాలి, రుద్దకూడదు. పలచగా ఒక పొర చాలు. మందంగా వేసింది చెమటకు ముందుగా చారలు కట్టేది ముక్కు పక్కనే. కళ్ల కింద నలుపుంటే నారింజ ఛాయ కరెక్టర్ కొంచెం అద్ది, దాని మీద కన్సీలర్. పౌడరు నుదురు, ముక్కు, గడ్డానికి చాలు.

4. ముఖం తీరు దిద్దడంలో అసలు పని వెలుగునీడలదే. పులివెందుల తాలూకాలో పుట్టిన బి.ఎన్.రెడ్డి 1951లో తీసిన 'మల్లీశ్వరి' ఒకసారి చూడండి. నలుపు తెలుపు సినిమా, రంగుల సాయం లేదు. భానుమతి ముఖంలోని కళను వెలుగూ నీడా కలిసే చూపిస్తాయి. కాంటూర్ కూడా అంతే. ముదురు వేసిన చోటు లోపలికి పోతుంది, లేత వేసిన చోటు ముందుకొస్తుంది. మీ చర్మం కంటే రెండు షేడ్లు ముదురుది తీసుకుని, చెవి దగ్గర మొదలుపెట్టి చెంప ఎముక కింద కంటి మధ్య వరకూ వచ్చి ఆపండి. బ్రష్‌తో పైకి కలపాలి, కిందికి లాగితే ముఖం జారినట్టు ఉంటుంది. గుండ్రటి ముఖానికి దవడ పక్కల కూడా కొంచెం నీడ వేయండి. పొడుగు ముఖానికి గడ్డం కొసన చాలు. ముక్కు వెడల్పనిపిస్తే రెండు పక్కలా సన్నటి గీతలు గీసి బాగా కలిపేయండి. పెండ్లికూతురికి నుదుటి మీద బాసికం వస్తుంది కాబట్టి అక్కడ శ్రమ పడనక్కర్లేదు. ముక్కుపుడక మెరుస్తుంటే ముక్కు మీద హైలైటర్ వద్దు. చామనచాయకు బ్లష్ లేత గులాబీ తేలదు. ఇటుక రంగు, దానిమ్మ రంగు తేలుతాయి.

5. ఎంత వేయాలన్నది చూసేవాళ్లు ఎంత దూరంలో ఉన్నారన్నదాన్ని బట్టి. మన జిల్లాలో, ఇప్పటి చక్రాయపేట మండలంలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు కుటుంబం 'కీచక వధ' ఆడింది. సురభి నాటకాలు అక్కడే పుట్టాయి. దీపాల వెలుతురులో ఆఖరి వరసకు కనబడాలంటే ముఖానికి రంగు దట్టంగా పడాల్సిందే. పెండ్లిలో చుట్టాలు మూరెడు దూరం నుంచి పలకరిస్తారు. ఆ దట్టం ఇక్కడ పనికిరాదు.

6. కనుబొమలు ముందు, కళ్లు తర్వాత. ఖాళీలున్న చోట వెంట్రుకల్లాంటి చిన్న చిన్న గీతలు గీయండి. చిన్న కళ్లకు లోపలి అంచు నిండా కాటుక పెడితే ఇంకా చిన్నవవుతాయి. పై రెప్పకు సన్నటి లైనర్ వేసి, కింద బయటి కొసన మాత్రం కాటుక పెట్టండి. హోమం పొగకు కన్నీళ్లు తప్పవు కాబట్టి వాటర్‌ప్రూఫ్‌వే వాడాలి. సుర్మాల్లో సీసం ఉండవచ్చు. వాటిని పిల్లల కళ్లకు అసలు పెట్టొద్దు.

7. లిప్‌స్టిక్ ఒకసారి వేసి, టిష్యూతో అద్ది, మళ్లీ వేస్తే భోజనాల దాకా నిలుస్తుంది. మెరూన్, నేరేడుపండు రంగు మన చాయకు బాగుంటాయి.

8. బొట్టు బిళ్లల జిగురు కొందరికి పడక, అదే చోట తెల్లమచ్చ వస్తుంది. దురద మొదలైతే వెంటనే మానేయండి. మైనం అద్ది దాని మీద కుంకుమ పెట్టడం మన పెద్దవాళ్ల పద్ధతి. చెమటకూ నిలుస్తుంది.

9. జీలకర్ర బెల్లం కరిగి నుదుటి మీదికి జారుతుంది, తలంబ్రాల పసుపు చెంపలకు అంటుతుంది. పక్కన నిలబడే చెల్లెలి చేతిలో టిష్యూలుండాలి. తుడవకుండా అద్దమని ముందే చెప్పిపెట్టండి. చెమట అద్దకుండా మీద పౌడరు వేస్తే ముద్దలు కడుతుంది.

10. పెండ్లికి ముందు ఫోటోల కోసం జమ్మలమడుగు మీదుగా గండికోటకు పోయేవాళ్లు ఎక్కువయ్యారు. నడినెత్తి ఎండలో కళ్ల కింద గుంటలు పడ్డట్టు వస్తాయి. పొద్దు పొడిచిన కాసేపటికో, సాయంత్రమో తీయించుకోండి. ఆ ఎర్రరాళ్ల ఛాయ ముఖం మీద పడుతుంది, నారింజ బ్లష్ తగ్గించండి. లోయ గాలికి వెంట్రుకలు లిప్ గ్లాస్‌కు అతుక్కుంటాయి, మ్యాట్ వేసుకోండి. రాత్రి రిసెప్షన్ అయితే ఇంట్లోనే ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసి చూసుకోవాలి. కొన్ని పౌడర్లు ఫ్లాష్‌కు తెల్లగా తేలతాయి.

11. పెండ్లిలోగా తెల్లబడాలని క్రీములు పూయొద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. వాటిలో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వారాల్లో మెరుపు వస్తుంది, మానగానే మొటిమలు, ఎర్రదనం, మంట మొదలవుతాయి. చర్మం పలచబడుతుంది. చర్మానికి పూసే స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. ఇప్పటికే వాడుతుంటే ట్యూబు తీసుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి.

12. కొత్త వస్తువేదైనా పెండ్లికి వారం ముందే చెవి వెనక రాసి రెండు రోజులు చూడండి. రాత్రి ఎంత అలసిపోయినా కొబ్బరినూనెతో ముస్తాబు తీసి, ముఖం కడిగాకే పడుకోండి. మస్కారా తెరిచిన మూడు నెలలకు పారేయాలి. లిప్‌స్టిక్, కాటుక ఒకరివి ఒకరు వాడొద్దు, సొంత అక్కాచెల్లెళ్లయినా సరే.