కడప ఎండల్లో నాటుకోళ్లు: నీడ, నీళ్లు, పుంజును వేరు చేసే కాలం

మా చీనీ తోటలో తిరిగే కోళ్ల వీడియో పెట్టినప్పటి నుంచి చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ఏప్రిల్ వచ్చిందంటే మా కోళ్లు రాలిపోతాన్నాయి, గుడ్లు మురిగిపోతాన్నాయి. మీకు ఎట్ల నిలబడతాన్నాయి?" అని. నిజం చెప్పాలంటే మాకూ మొదట్లో నిలబడలేదు. మొదటి ఏడాది మే నెలలో ఒక్క మధ్యాహ్నంలో 19 పెట్టలు పోయినాయి. ఆ రోజు సంగతి ముందు చెప్తా, ఎందుకంటే అక్కడ చేసిన తప్పులే ఈ పాఠం.

ఆ రోజు రాయచోటి దిక్కు పెళ్లికి పోవాలి. తోటలో కుక్కల భయం. అందుకని పొద్దున్నే కోళ్లన్నిటినీ షెడ్డులోకి తోలి తలుపేసి పోయినాము. పైన ఇనుప రేకు, మూడు పక్కల నిలబెట్టిన కడప బండలు. బండలు మా దగ్గర చౌక, గట్టి, పాము దూరదు అని ఏరికోరి కట్టిన షెడ్డు అది. సాయంత్రం నాలుగున్నరకు వచ్చి తలుపు తీస్తే లోపల ఊపిరి ఆడలేదు. నీళ్ల బేసిన్ ఒకటే ఉంది, అదీ తిరగబడిపోయింది. రెక్కలు చాపుకొని, నోళ్లు తెరుచుకొని పడున్నాయి. నేను వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి. పైర్ల గురించి చెప్పినారు గానీ కోడికి చెమట పట్టదని ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే నేను వినలేదు. మా అవ్వ మాత్రం ఒక్క మాట అనింది: "రేకు కింద మనిషే ఉండలేడు, కోడి యాడుంటాదబ్బీ? కానుగ చెట్టు కింద ఇడిసిపెట్టింటే అవే బతికేటివి."

అవ్వ మాటలో శాస్త్రం ఉంది. కోడి మామూలు ఒంటి వేడే 41 డిగ్రీల పైన ఉంటుంది. చెమట గ్రంథులు లేవు. వేడిని బయటికి పంపడానికి దానికి ఉన్న దారులు తక్కువ: జుట్టు, గంగడోలు, కాళ్ల నుంచి కొంత పోతుంది, మిగతాది నోరు తెరిచి రొప్పడం వల్ల ఆవిరి రూపంలో పోతుంది. కడపలో మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలే. అంటే బయటి గాలి కోడి కన్నా వేడిగా ఉంటుంది. అప్పుడు చల్లబడే దారి ఒక్క రొప్పడమే. రొప్పినంతసేపూ ఒంట్లో నీళ్లు పోతాయి, రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. దాని వల్ల గుడ్డు పెంకు పల్చబడుతుంది. ఎండాకాలం గుడ్లు చేతిలో పగిలిపోతున్నాయని సున్నం మాత్రమే పెంచితే పని కాదు. ముందు కోడి రొప్పడం తగ్గాలి.

ఇంకో సంగతి. 43 డిగ్రీల పొడి ఎండ రోజు కన్నా, సాయంత్రం నాలుగు చినుకులు పడి, గాలి ఆగి, ఉక్కపోసే రోజు ఇంకా ప్రమాదం. గాలిలో తేమ ఉంటే ఆవిరి పోదు, ఎంత రొప్పినా కోడి చల్లబడదు. అట్లాంటి రోజున నేను తోట వదిలి యాడికీ పోను.

నీడ గురించి. కోడి పుట్టుక ఎండ మైదానంలో కాదు, దాని మూలం అడవికోడి. పొదల కింద గీరుకొని బతికే పక్షి. వదిలిపెడితే అదే నీడ వెతుక్కుంటుంది. పదకొండు నుంచి నాలుగు దాకా మా కోళ్లు చీనీ చెట్ల కింద గుంతలు తీసుకొని పొట్ట ఆనించి పడుకుంటాయి. ఆ మట్టి కింద చల్లగా ఉంటుంది. చీనీ లేనివాళ్లు కానుగ, చింత, వేప ఏదైనా చాలు. రాత్రి గూటికి మాత్రం షెడ్డు కావాలి. రేకు పీకేసే పని లేదు, పైన బోద గడ్డి అడుగు మందం పరిచి, తాళ్లతో బిగించినాను. పడమటి పక్క బండలు తీసేసి వల కొట్టినాను. కడప బండ పగలంతా తాగిన వేడిని రాత్రి దాకా కక్కుతానే ఉంటుంది. గోడగా పెట్టుకుంటే తూర్పు, ఉత్తరం పక్క పెట్టుకోండి.

మన వేడి పొడిగా ఉంటుంది కాబట్టి తడి గోనె పట్టా బాగా పనిచేస్తుంది. గాలి వచ్చే దిక్కు కట్టి గంటకోసారి తడపాలి. ఉక్క రోజున మాత్రం పట్టా తడపొద్దు, గాలి ఆడనివ్వండి.

నీళ్లు వెడల్పాటి మట్టి మూకుళ్లలో, చెట్టు మొదట్లో, నాలుగైదు చోట్ల పెడతాను. ఒకే చోట పెడితే బలమైనవి తాగి బలహీనమైనవాటిని పొడుస్తాయి. ప్లాస్టిక్ బేసిన్‌లో నీళ్లు రెండు గంటల్లో కాగిపోతాయి, వేడి నీళ్లు కోడి తాగదు. బాగా ఎండ రోజుల్లో పొద్దున పూట లీటరుకు చిటికెడు ఉప్పు, కొంచెం బెల్లం కలిపి ఇస్తాను, మధ్యాహ్నానికి మళ్లీ మామూలు నీళ్లు. వడదెబ్బ తగిలి పడిపోయిన కోడిని మంచు నీళ్లలో ముంచొద్దు. కాళ్లు, పొట్ట కింద భాగం మామూలు నీళ్లలో తడిపి, జుట్టు మీద నీళ్లు రాసి, నీడలో గాలికి పెట్టాలి. వీడియోలో ఒక పెట్టకు చేసి చూపించినాను.

మేత తెల్లవారుజామున, పొద్దు గుంకే ముందు మాత్రమే. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. జొన్నలు, కొర్రలు, నూకలు ఇస్తాము, మిగతాది తోటలో పురుగులు, గడ్డి. పిల్లలకు చెదలు. పాత కుండలో తడిపిన చొప్ప, ఎండు పేడ కూరి చెదల పుట్ట మీద బోర్లిస్తే తెల్లారేసరికి కుండ నిండా చెదలు. మా అవ్వ కాలం నాటి పద్ధతే.

ఇప్పుడు అసలు విషయం, పుంజు.

ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. ఎక్కువైతే పెట్టల వీపు మీద ఈకలు ఊడిపోతాయి, ఆ బోడి చర్మం మీద ఎండ తగిలి పుండ్లు పడతాయి. రెండు పుంజులు మధ్యాహ్నం పూట కొట్లాడితే ఓడినది కాదు, రెండూ చచ్చే పరిస్థితి. అదనపు పుంజును గంప కింద మూస్తాము. కానీ గంప ఉన్నచోటే ఉంటుంది, నీడ మాత్రం కదుల్తుంది. పొద్దున నీడలో మూసిన పుంజు మధ్యాహ్నానికి నడి ఎండలో ఉంటుంది. ఇట్ల ఒక డేగ పుంజును పోగొట్టుకున్నాను.

పుంజు ఊరికే తిని కూర్చునేది కాదు. గద్ద పైన తిరిగితే ఒక రకం అరుపు, పిల్లి గానీ కుక్క గానీ నేల మీద వస్తే ఇంకో రకం అరుపు. మొదటిది వింటే పెట్టలు చెట్ల కిందికి దూరి కదలకుండా ఉంటాయి. రెండోది వింటే తల ఎత్తి చూస్తాయి. పురుగు దొరికితే తాను తినకుండా పెట్టలను పిలుస్తుంది. ఇది నేను రోజూ చూస్తాను.

మరి వేరు చేయడం ఎందుకు? గుడ్ల కోసం. రెండో ఏడాది కడప టౌనులో ఇంటింటికీ నాటు గుడ్లు ఇవ్వడం మొదలుపెట్టినాను. ఏప్రిల్ చివర్లో ఒకమ్మ ఫోన్ చేసి, "బాబూ, గుడ్డు కొడితే లోపల నెత్తురు రింగు ఉండాది, పిల్లోళ్లు ఇంక గుడ్డే తినమంటున్నారు" అనింది. ఆ వారంలో ఇంకా నలుగురు మానేసినారు. తప్పు నాదే. పుంజు కలిసిన గుడ్డులో జీవం నిద్రపోతూ ఉంటుంది. సుమారు 27 డిగ్రీలు దాటితే మెల్లగా లేస్తుంది. పొదిగే వేడి 37.5 డిగ్రీలు, మే నెలలో మన ఇంటి వసారా వేడి దాని దగ్గరికి వచ్చేస్తుంది. అంటే గంపలో పెట్టిన గుడ్డు పెట్ట లేకుండానే సగం పొదగబడి, చచ్చి, మురుగుతుంది. పుంజు కలవని గుడ్డుకు ఈ బాధ లేదు.

"పుంజు లేకుంటే పెట్ట గుడ్డు పెట్టదు" అని మా ఊళ్లో ఇప్పటికీ అంటారు. అది తప్పు. పెట్ట మామూలుగానే పెడుతుంది, ఆ గుడ్డు పిల్ల కాదు, అంతే. కానీ పుంజును తీసిన రోజు నుంచే గుడ్లు మారవు. పెట్ట ఒంట్లో బీజం రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే నిలుస్తుంది. అందుకే నేను మార్చి మొదటి వారంలోనే వేరు చేస్తాను, ఏప్రిల్ గుడ్లు ధైర్యంగా అమ్ముతాను.

దీనికి నష్టం కూడా ఉంది. కాపలా పోతుంది. దానికి నేను చేసిన ఏర్పాటు: పుంజును తోట మధ్యలో, చింతచెట్టు కింద వల గూట్లో పెట్టినాను. ఆకాశం కనబడుతుంది, పెట్టలకు దాని అరుపు వినబడుతుంది. గద్దల విషయంలో ఇది పనిచేసింది. ముంగిస విషయంలో పూర్తిగా పనిచేయలేదు, పోయిన ఎండాకాలం రెండు పెట్టలను ఎత్తుకుపోయింది.

ఎండాకాలం పొదగేయడం నేను మానేసినాను. పొదుగుకు వచ్చిన పెట్టను గాలి ఆడే ఎత్తు గంపలో మూడు, నాలుగు రోజులు ఉంచితే దిగిపోతుంది. ముక్కులో ఈక గుచ్చే పద్ధతి కొన్ని ఊళ్లలో ఉంది, దయచేసి చేయొద్దు. అక్టోబరు, నవంబరు ముసురులో పిల్లలు తడిసి చస్తాయి. డిసెంబరులో పొదగేస్తే 21 రోజులకు పిల్లలు దిగి, ఏప్రిల్ నాటికి మూడు నెలలు నిండి ఈకలు పూర్తిగా వచ్చి ఉంటాయి. మట్టి మూకుడులో ఇసుక, బూడిద, గోమార్లు పట్టకుండా వేపాకు వేసి, వారం లోపు గుడ్లు పది, పన్నెండు పెట్టాలి. ఏడో రోజు రాత్రి ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూడండి, నరాలు కనబడకపోతే తీసేయండి.

చివరిగా కొక్కెర తెగులు. ప్రకృతి సేద్యం చేసేవాళ్లలో కొందరు టీకా వద్దంటారు, నేను ఒప్పుకోను. పంటకు జీవామృతం వేరు, ఈ తెగులు వేరు. వచ్చినాక మందు లేదు, గుంపు గుంపే పోతుంది. ఏడో రోజు లసోటా చుక్క కంట్లో, నాలుగో వారంలో మళ్లీ ఒకసారి, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ సూది రెక్క కింద. టీకాను ఐస్ వేసిన ఫ్లాస్కులో తెచ్చి, తెల్లవారుజామున గంటలోపు వేసేయాలి. జేబులో పెట్టుకొని బండి మీద 40 డిగ్రీల ఎండలో తెస్తే అది టీకా కాదు, ఉత్త నీళ్లు. ఎండలు ముదరకముందే, అంటే ఫిబ్రవరిలోనే పని ముగించండి.

ఈ ఏడాది పుంజును మళ్లీ ఆగస్టులో గుంపులో కలుపుతాను. అప్పటి నుంచి గుడ్లను తడి ఇసుకలో దించిన కుండలో పెట్టి, మూడు రోజుల్లో అమ్మేస్తాను. కుండ ఎట్ల దించాలో వీడియో చివర్లో ఉంది.