అన్న వస్తాడు

బాలబాలికలారా! ఈ గేయాన్ని రాగయుక్తంగా చదవండి.

గోడమీది కాకమ్మా, కబురు మోసి తెచ్చావా?
ఓడ దిగే మా అన్నకు ఊరి దారి చూపావా?
పీట వాల్చి ఉంచాను, పిండివంట చేశాము;
ఉగాదికే వస్తాడు, ఊరుకోవె నా మనసా!

పదములు – అర్థములు
కబురు = సమాచారము
పీట వాల్చు = భోజనానికి పీట వేయు
ఊరుకొను = దిగులు మానుకొను

భావము
ఓడపై దూరదేశం వెళ్లిన అన్నకోసం చెల్లెలు ఎదురుచూస్తున్నది. ఇంటిముందు కాకి అరిస్తే చుట్టాలు వస్తారని తెలుగువారి నమ్మకము. అందుకే ఆమె కాకిని ఆప్యాయంగా పిలిచి కబురు అడిగింది. 1834 తరువాత మన పూర్వులు కొందరు కోరంగి రేవులో ఓడ ఎక్కి మారిషస్ చేరారు. వారి తోబుట్టువులు కూడా అక్కడ ఇలాగే ఎదురుచూచి ఉంటారు.

రసాస్వాదన
ఈ గేయంలో "వస్తే" అని లేదు. "వస్తాడు" అని ఉన్నది. ఆశ అంతా ఆ ఒక్క మాటలో ఉన్నది. మరి చెల్లెలికి దిగులు లేదా? ఉన్నది. లేకపోతే మనసును "ఊరుకోవె" అని ఎందుకు బుజ్జగిస్తుంది? కాని ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. పీట వాల్చింది, పిండివంటలో చేయి కలిపింది. దిగులున్నా, వచ్చేవారికోసం ఇల్లు సిద్ధం చేయడమే ఆశ.

అభ్యాసము
1. చెల్లెలు కాకిని ఏమేమి అడిగింది?
2. "వస్తే", "వస్తాడు" – ఈ మాటలకు భేదమేమి?
3. చెల్లెలికి దిగులున్నదని ఏ మాటవల్ల తెలుస్తుంది?
4. దూరాన ఉన్న మీ బంధువులకు తెలుగులో ఐదు వాక్యాల ఉత్తరం వ్రాయండి.