గడ్డం మీద వెంట్రుకలు, మనసులో దిగులు

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉంది. గడ్డం మీద వెంట్రుకలు గట్టిగా వస్తున్నాయి. నలుగురిలోకి వెళ్లాలంటే బెంగ. లేజర్ చేయించుకుంటే తగ్గుతాయా?

జవాబు: చాలావరకు తగ్గుతాయమ్మా. మీ బెంగ కూడా వైద్యం అవసరమైన బాధే, దాన్ని అందం పిచ్చి అనేవాళ్ల మాట పట్టించుకోకండి. బ్రిటన్‌లో పీసీఓఎస్ ఉన్న 88 మంది మహిళలపై జరిగిన అధ్యయనం 2005లో వెలువడింది. ఆరు నెలలు సరైన శక్తితో లేజర్ చేయించుకున్నవారిలో దిగులు, ఆందోళన తగ్గాయి. వెంట్రుకలు తీసుకోవడానికి వారానికి పట్టే సమయం 112 నిమిషాల నుంచి 21కి దిగింది.

లేజర్ వెంట్రుకలోని నల్లరంగును పట్టుకుని కుదురును వేడితో దెబ్బతీస్తుంది. తెల్లవెంట్రుకల మీద పనిచేయదు. మన చామనఛాయకు ఎన్‌డీ యాగ్ లేజర్ క్షేమం. ఇతర లేజర్లను ఎక్కువ శక్తితో వాడితే చర్మం కాలి మచ్చలు పడొచ్చు. అందుకే పార్లర్‌లో కాకుండా చర్మవైద్యుల దగ్గరే చేయించుకోండి. నాలుగైదు వారాలకోసారి, కనీసం ఆరు విడతలు పడుతుంది. ఈలోగా థ్రెడింగ్, వ్యాక్సింగ్ వద్దు; కుదురు ఊడొస్తే లేజర్‌కు లక్ష్యమే ఉండదు. షేవింగ్ చేసుకోవచ్చు, దానివల్ల వెంట్రుకలు మందం కావు.

హార్మోన్లు అదుపులో లేకపోతే మళ్లీ మొలుస్తాయి కాబట్టి పీసీఓఎస్ చికిత్స ఆపకండి. కొందరిలో, ముఖ్యంగా దక్షిణాసియా మహిళల ముఖం మీద, లేజర్ తర్వాత సన్నని నూగు ముదురుతుంది. అలా కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పండి. గొంతు బొంగురుపోయినా, వెంట్రుకలు ఒక్కసారిగా పెరిగినా ముందు హార్మోన్ల వైద్యుల్ని (ఎండోక్రైనాలజిస్టును) కలవండి. రాత్రిళ్లు నిద్ర పట్టనంత దిగులుంటే, లేజర్ ఫలితం కోసం ఆగకుండా మానసిక వైద్యుల్నీ కలవండి.