నిరుటి పంటతో ఈ ఏటి పంట: హెచ్చుతగ్గుల శాతం లెక్క

పట్టుగూళ్లు అమ్మి ఇంటికి వచ్చిన రైతు మొదట చూసుకునేది చేతికి వచ్చిన సొమ్ము. నిరుడు శ్రావణ పంటకు 48,000 రూపాయలు, ఈ ఏడు అదే పంటకు 59,400 రూపాయలు వస్తే పంట బాగా వచ్చిందనే అనుకుంటాము. ఆ ధైర్యంతో షెడ్డు పొడిగించడానికి అప్పుకు వెళ్లే రైతులూ ఉన్నారు. అప్పు పత్రం మీద సంతకం పెట్టే ముందు వేసుకోవలసిన లెక్క ఇది.

ఈ ఏటి అంకె నుంచి నిరుటి అంకెను తీసివేయాలి. 59,400 - 48,000 = 11,400. ఇది తేడా. దీనిని నిరుటి అంకెతో భాగించి 100తో గుణిస్తే పెరుగుదల శాతం వస్తుంది: 23.75. భాగించేది ఎప్పుడూ నిరుటి అంకెతోనే. పొరపాటున ఈ ఏటి అంకెతో భాగిస్తే 19.19 వస్తుంది, అది పెరుగుదల శాతం కాదు.

100 గుడ్ల లెక్కన చూడాలి

సొమ్ము దాదాపు 24 శాతం పెరిగింది, నిజమే. ఇప్పుడు ఆ రైతు చీటీలు పూర్తిగా చూద్దాము. (లెక్క సులువుగా ఉండేందుకు వేసుకున్న అంకెలివి.)

నిరుడు: 200 గుడ్లు, 120 కిలోల గూళ్లు, కిలో 400 రూపాయలు, ఖర్చు 26,000.
ఈ ఏడు: 250 గుడ్లు, 135 కిలోల గూళ్లు, కిలో 440 రూపాయలు, ఖర్చు 35,100.

గుడ్లు 25 శాతం పెరిగాయి. రేటు 10 శాతం పెరిగింది. కాని 100 గుడ్లకు దిగుబడి 60 కిలోల నుంచి 54 కిలోలకు, అంటే 10 శాతం తగ్గింది. పది పెరిగి పది తగ్గింది కాబట్టి సమానమైంది అనుకోరాదు. 100 గుడ్లకు నిరుడు 24,000 రూపాయలు వచ్చిన చోట ఈ ఏడు 23,760 వచ్చాయి. 1 శాతం నష్టం. ఖర్చు తీసివేస్తే 100 గుడ్లకు మిగిలినది 11,000 నుంచి 9,720కి, అంటే 11.6 శాతం తగ్గింది. మొత్తం మిగులు 22,000 నుంచి 24,300కు పెరిగిన మాట వాస్తవమే. అది ఎక్కువ గుడ్లు మేపినందువల్ల, రేటు కలిసివచ్చినందువల్ల వచ్చినదే గాని మేపు మెరుగైనందువల్ల కాదు.

దిగుబడి నిరుటిలాగే ఉండి ఉంటే 250 గుడ్లకు 150 కిలోలు రావాలి. 15 కిలోలు తగ్గాయి. కిలో 440 చొప్పున 6,600 రూపాయలు. రేటు రైతు చేతిలో లేదు. ఈ 15 కిలోలు మాత్రం చాలావరకు షెడ్డులోనే ఉన్నాయి. తోట పెంచకుండా గుడ్లు పెంచారా అని ముందు చూసుకోవాలి. పురుగు తన జీవితకాలంలో తినే ఆకులో 80 శాతానికి పైగా నాలుగో జ్వరం లేచిన తరువాతనే తింటుంది. కనుక ఆకు కొరత చాకీలో కనబడదు, చివరి వారంలో బయటపడుతుంది. తట్టలలో, చంద్రికలలో పురుగులు కిక్కిరిసినా గూడు బరువు తగ్గుతుంది. ఇవి సరిచేయకుండా కొత్త షెడ్డు కట్టి 400 గుడ్లకు పోతే అదే తగ్గుదల 400 గుడ్ల మీద పడుతుంది.

ఏ పంటతో ఏ పంటను పోల్చాలి

వేసవి పంటను చలికాలపు పంటతో పోల్చరాదు. ఈ ఏటి వేసవి పంటను నిరుటి వేసవి పంటతోనే పోల్చాలి. సంకరజాతి పసుపు గూళ్లను, బైవోల్టిన్ తెల్ల గూళ్లను వేరువేరుగా రాసుకోవాలి. నెల పేరుతో పోల్చేవారు అధికమాసాన్ని మరువరాదు. 2023లో అధిక శ్రావణం వచ్చినందున నిజ శ్రావణం 2022 కంటే దాదాపు మూడు వారాలు వెనుకకు జరిగింది. అందుచేత చాకీ తేదీని ఇంగ్లీషు తేదీతో రాసి పెట్టుకోవడం మేలు.

సరిహద్దు రైతులకు ఇంకొక చిక్కు ఉంది. ఒక ఏడు హిందూపురంలో, మరో ఏడు శిడ్లఘట్టలోనో ధర్మపురిలోనో అమ్ముతారు. అటువంటప్పుడు బాడుగ తీసివేసిన తరువాత కిలోకు మిగిలిన రేటునే రెండేళ్లకూ తీసుకోవాలి.

నిరుడు పంట పోయి ఉంటే శాతం పనికిరాదు. పాలరోగం తగిలి 8 కిలోలే వచ్చిన చోట ఈ ఏడు 100 కిలోలు వస్తే 1,150 శాతం పెరుగుదల అని లెక్క తేలుతుంది! అప్పుడు అంతకు ముందటి మంచి ఏడుతో, లేదా మూడేళ్ల సగటుతో పోల్చుకోవాలి.

శాతంలోనే ఉన్న అంకె మారితే

చెడు గూళ్లు 5 శాతం నుంచి 8 శాతం అయితే 3 పాయింట్లు పెరిగినట్టు; శాతంగా 60 పెరిగినట్టు. పత్రికలు చదివేటప్పుడూ ఇది తెలిసి ఉండాలి. 2011-12 కేంద్ర బడ్జెట్టులో ముడిపట్టుపై దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. పాయింట్లలో 25, శాతంలో 83కు పైగా. 2013-14లో 5 నుంచి 15కు పెంచినప్పుడు 10 పాయింట్లు పెరిగింది, శాతంలో 200. అయినా పాత 30కి సగమే చేరింది.

ఫోనులో, కంప్యూటరులో

లెక్కల పట్టికలో బి2 గడిలో నిరుటిది, సి2లో ఈ ఏటిది వేయాలి. డి2లో సమానం గుర్తు పెట్టి, బ్రాకెట్టులో సి2 మైనస్ బి2 రాసి, బ్రాకెట్టు మూసి, భాగహారం గుర్తు పెట్టి బి2 రాయాలి. ఆ గడికి శాతం గుర్తు ఎంచుకుంటే మళ్లీ 100తో గుణించనక్కరలేదు. బ్రాకెట్టు మరిస్తే పై లెక్కకు 59,399 అని చూపుతుంది. నిరుటి గడిలో సున్నా ఉంటే తప్పు గుర్తు వస్తుంది. దాన్ని చెరపక పక్కన 'పంట పోయింది' అని రాసుకోవాలి.

అడుగున సంవత్సరం మొత్తానికి శాతం కావాలంటే పై శాతాలకు సగటు తీయరాదు. ఒక పంట 20,000 నుంచి 30,000కు, అంటే 50 శాతం పెరిగి, మరొకటి 80,000 నుంచి 72,000కు, అంటే 10 శాతం తగ్గితే సగటు 20 శాతం లాభం చూపుతుంది. మొత్తాలు కూడితే 1,00,000కు 1,02,000. పెరిగింది 2 శాతమే.