చిన్న కేసులో పెద్ద కూలర్: బాక్స్ మీది ఎత్తు ఒక్కటే చూస్తే సరిపోదు

మే నెలలో మా సిద్దిపేట ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నా రూమ్‌లో ఏసీ లేదు. గేమ్ పెట్టిన పది నిమిషాలకే ప్రాసెసర్ 95కి చేరి స్పీడ్ తగ్గించుకునేది. అందుకే థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ తెప్పించా. రెండు టవర్లు, రెండు ఫ్యాన్లు.

కూలర్ ఎత్తు 155 మి.మీ., నా కేసులో పట్టేది 160. ఇంకేం, సరిపోతుందనుకున్నా. బిగించాక చూస్తే సైడ్ ప్యానెల్ మూతపడదే! తప్పు నాదే. ముందు ఫ్యాన్ ర్యామ్ మీదికి వస్తుంది. మామూలు ర్యామ్ ఎత్తు సుమారు 31 మి.మీ. ఉంటే, నాలాంటి లైట్ల ర్యామ్ 40 దాటుతుంది. దాంతో ఫ్యాన్‌ను పైకి జరపాల్సి వచ్చింది, అది టవర్‌ని దాటి ప్యానెల్‌కు తగిలింది. ఆ రాత్రి ప్యానెల్ తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టుకుని ఆడా. అమ్మ తిట్లు వేరే.

మీరు కొనేముందే కేసు అంచుల మీద స్కేలు అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి ప్రాసెసర్ మూత దాకా కొలవండి. ర్యామ్ ఎత్తు కూడా.

చివరికి నేను ముందు ఫ్యాన్‌ను తీసి వెనక టవర్ వెనక్కి మార్చా. దానికి అక్కడ 25 మి.మీ. ఖాళీ కావాలి, గాలి కూడా మధ్య ఫ్యాన్ వైపే కాకుండా వెనక్కే పోవాలి. ప్యానెల్ మూసుకుంది. అదే గేమ్‌లో ఇప్పుడు 80 దగ్గర ఆగుతోంది.